పాత ఫ్లాట్ చూడటానికి వస్తున్నారు, ‘మళ్లీ చెబుతాం’ అని వెళ్తున్నారు. కిచెన్ మార్పించాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కూకట్‌పల్లిలో పదమూడేళ్ల పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, పడమర గుమ్మం. మీరిద్దరూ, అమ్మానాన్నలూ, పిల్లాడూ అందులోనే ఉంటున్నారు. రెండు నెలలుగా చూడటానికి వస్తున్నారు, ఎక్కువమంది ఆదివారం సాయంత్రం ఐదింటికి వస్తున్నారు. ‘ఇంట్లో మాట్లాడుకుని చెబుతాం’ అంటున్నారు, ఆ తర్వాత ఫోన్ లేదు. మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్ చేయిస్తే రేటు వస్తుందని బ్రోకర్ అంటున్నాడు. చేయించాలా వద్దా అన్నది ప్రశ్న.

వద్దు. మాడ్యులర్ కిచెన్ వద్దు, ఫాల్స్ సీలింగ్ అసలే వద్దు. ఆ డబ్బులో పదో వంతు చాలు. చెమ్మ ఎక్కడినుంచి వస్తుందో కనిపెట్టి అక్కడ ఆపించండి, వాసనలు పోగొట్టండి, సామాను బాగా తగ్గించండి, కాగితాల ఫైలు సిద్ధం చేసుకోండి. అన్నిటికంటే ముందు, పైసా ఖర్చు లేకుండా, ఇల్లు చూపించే సమయం మార్చండి. మీ విషయంలో పెద్ద తేడా దానివల్లే వస్తుందని నా అంచనా.

నేను కూకట్‌పల్లి, మియాపూర్, నిజాంపేట వైపు రీసేల్ ఫ్లాట్ల అమ్మకాలే చూస్తాను, కొత్త ప్రాజెక్టుల జోలికి పోను. కాబట్టి కింద చెప్పేదంతా మనుషులు కాపురం ఉన్న పాత ఇళ్ల గురించే.

పాత ఫ్లాట్ కొనే కుటుంబం గుమ్మంలోకి వచ్చేటప్పటికే లెక్క వేసుకుని వస్తుంది. లోన్ ఎంత వస్తుంది, రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం అంటే ఎంత, మిగిలిన దాంట్లో లోపల ఏం పని చేయించుకోవచ్చు అని. కిచెన్ వాళ్లకు నచ్చిన రంగులో వాళ్లే చేయించుకుంటారు. మీరు రెండు మూడు లక్షలు పోసి చేయిస్తే ‘ఇది పీకించడానికి ఎంతవుతుందో’ అని గుసగుసలాడుకునేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల భయాలు వేరే ఉంటాయి. గోడల్లో చెమ్మ ఉందా, ఎండాకాలం నీళ్లు ఎలా, కాగితాలు సరిగ్గా ఉన్నాయా, అసలు వీళ్లు ఎందుకు అమ్ముతున్నారు? ఇంట్లో కనబడే ప్రతి చిన్న లోపం ఆ భయాన్ని పెంచుతుంది. కారే కొళాయికి వాషర్ మార్పించడం పెద్ద ఖర్చేం కాదు. చూసినవాళ్ల మనసులో మాత్రం ‘కొళాయే బాగు చేయించుకోనివాళ్లు పైపుల సంగతి ఏం పట్టించుకుని ఉంటారు’ అనే మాట పడిపోతుంది. బయటికి అనరు. ‘మళ్లీ చెబుతాం’ అంటారు.

ముందు చెమ్మ సంగతి. పదమూడేళ్ల బిల్డింగ్ అంటున్నారు కాబట్టి బాత్రూమ్ అవతలి గోడ ఎక్కడో ఒకచోట ఉబ్బి, తెల్లటి ఉప్పు పొడిలా రాలుతూ ఉండే అవకాశం ఎక్కువ. చాలామంది చేసే పని దాని మీద పుట్టీ పెట్టి రంగు కొట్టడం. దయచేసి అది చేయకండి. లోపల తడి అలాగే ఉంటే కొన్ని వారాల్లో మళ్లీ పొక్కుతుంది. పైగా ఇప్పుడు కొనేవాళ్లు రెండోసారి వచ్చేటప్పుడు తెలిసిన మేస్త్రీని తీసుకొస్తున్నారు. ఆయన వేలి కణుపుతో నాలుగు చోట్ల కొట్టి చూసి చెప్పేస్తాడు. దాచారని తెలిశాక ఇక మీరు నిజం చెప్పినా నమ్మరు.

మూలం కనిపెట్టడం మరీ కష్టం కాదు. వారం పాటు ఆ బాత్రూమ్ వాడకుండా తాళం వేయండి. గోడ ఆరుతుంటే నీళ్లు నేల టైల్స్ సందుల్లోంచో, డ్రైనేజీ జాయింట్ దగ్గరో దిగుతున్నాయని అర్థం. వాడకపోయినా ఆరకపోతే గోడలోపలి నీళ్ల పైపు మీదో, పై ఫ్లాట్ బాత్రూమ్ మీదో అనుమానపడాలి. ఎందుకంటే ట్యాంకు నుంచి వచ్చే పైపులో మీరు కొళాయి తిప్పినా తిప్పకపోయినా నీళ్లు నిండే ఉంటాయి. వాన పడినప్పుడే తడి కనబడితే బయటి గోడ పగుళ్లు. అది అసోసియేషన్‌తో మాట్లాడాల్సిన పని. మొదటిదైతే టైల్స్ సందులు గీయించి మళ్లీ గ్రౌటింగ్ చేయిస్తే చాలాసార్లు ఆగిపోతుంది, టైల్స్ పగలగొట్టే పని పడదు.

ఒకే అపార్ట్‌మెంట్‌లో, ఒకే వరుసలో రెండు ఫ్లాట్లు ఒకే ఏడాది అమ్మకానికి వచ్చాయి నా దగ్గరకు. రెండింటికీ అదే గోడ, అదే చెమ్మ. ఒకాయన నాకు చెప్పకుండా ఆ గోడకు వాల్‌పేపర్ అంటించారు. రెండో ఆవిడ బాత్రూమ్ బాగు చేయించి, గోడను మాత్రం ఒక వానాకాలం రంగు వేయకుండా అలాగే ఉంచారు. వచ్చినవాళ్లకు ఆవిడే చెయ్యి పెట్టి చూపించేవారు: ‘ఇక్కడ కారేది, ఇదిగో పని చేయించిన బిల్లు, వానలకు కూడా మళ్లీ తడి రాలేదు, మీకు నచ్చిన రంగు మీరు వేయించుకోండి.’ ఆ మచ్చల గోడ ఉన్న ఫ్లాటే ముందు అమ్ముడుపోయింది, బేరం కూడా పెద్దగా జరగలేదు. వాల్‌పేపర్ ఫ్లాట్ చాలాకాలం అలా ఉండిపోయింది.

రంగు విషయంలో ఒక జాగ్రత్త. వేయిస్తే హాలు మొత్తం ఒక కోటు లేత రంగు వేయించండి, అదీ చూపించడానికి కనీసం రెండు వారాల ముందే. ఒక్క మూల మాత్రమే కొత్త రంగు మెరుస్తుంటే అందరి చూపూ అక్కడే పడుతుంది. కొత్త పెయింట్ వాసన గుప్పుమన్నా ‘ఏం కప్పెట్టారో’ అనే అనుమానం. మొత్తం మీద ఈ ఖర్చులన్నీ కలిపి ఆ ఫ్లాట్‌కి వచ్చే నెలన్నర అద్దె దాటకుండా చూసుకోండి. ఇది శాస్త్రం కాదు, నేను పెట్టుకున్న హద్దు. దాటిన డబ్బు తిరిగి రావడం నేను అరుదుగా చూశాను.

వాసన మీకు తెలియదు, వచ్చినవాళ్లకు తెలుస్తుంది. మన ఇంటి వాసన మన ముక్కుకు అలవాటైపోతుంది. ఎదురింటి వాళ్లనో, మొహమాటం లేని బంధువునో పిలిచి ‘గుమ్మంలోకి రాగానే ఏం వాసన వస్తోంది’ అని అడగండి. బాత్రూముల్లో కలరా ఉండలు తీసేయండి. ఆ వాసన వస్తే ఏదో కంపు దాస్తున్నారనే అనుకుంటారు. అగరుబత్తీలు కట్టలు కట్టలు వెలిగించడమూ అంతే. వంటగదిలో పొయ్యి వెనక టైల్స్ మీద పేరుకున్న నూనె జిడ్డు, చిమ్నీ జాలీ, సింకు కింది పైపు, ఈ మూడూ కడిగితే సగం వాసన పోతుంది. బొద్దింకలుంటే పది రోజుల ముందే జెల్ పెట్టించండి. కొనేవాళ్లలో ఆడవాళ్లు తప్పకుండా సింకు కింద తలుపు తెరుస్తారు.

తాళం వేసి ఉన్న ఫ్లాట్ చూపించేవాళ్లకు ఒక మాట: వాడని బాత్రూమ్‌లో నేల జాలీ కింద ఉండే నహానీ ట్రాప్‌లో నీళ్లు ఎండిపోతాయి, అప్పుడు డ్రైనేజీ గాలి నేరుగా ఇంట్లోకి వస్తుంది. వచ్చేవాళ్లకు గంట ముందు వెళ్లి ప్రతి జాలీలో మగ్గు నీళ్లు పోసి, కిటికీలు తెరిచి పెట్టండి. అంతే, ప్లంబర్ అక్కర్లేదు.

బోరు నీళ్ల మరకలు కూకట్‌పల్లిలో మామూలే. కొళాయిలు, షవర్, అద్దాల తలుపు మీద తెల్లటి పెచ్చులకు నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో తడిపిన గుడ్డ కాసేపు చుట్టి ఉంచి తుడిస్తే పోతాయి. టైల్స్ మీద యాసిడ్ మాత్రం పోయించకండి. సందుల్లో సిమెంటును అది తినేస్తుంది, మళ్లీ చెమ్మ కథ మొదటికొస్తుంది.

సామాను. అయిదుగురు ఉన్న ఇల్లు, కాబట్టి పూర్తిగా ఖాళీ చేయమనను. కానీ సజ్జల మీద అట్టపెట్టెలు, ఫ్రిజ్ మీద మందుల డబ్బాలు, మంచాల కింద సూట్‌కేసులు, తలుపుల వెనక మేకులకు వేలాడే బట్టలు వీలైనంత వరకు ఊరికో, చుట్టాలింటికో పంపించేయండి. ఎలాగూ ఇల్లు మారేటప్పుడు సర్దాల్సిందే, ఇప్పుడే సర్దండి. ముఖ్యంగా రెండో బెడ్‌రూమ్. చాలా ఇళ్లలో అది స్టోర్ రూమ్ అయిపోతుంది. డబ్బు పెట్టేది డబుల్ బెడ్‌రూమ్‌కి, కళ్లకు కనిపించేది ఒకటిన్నర. ఆ గదిలో ఒక మంచం, ఒక బల్ల తప్ప ఏమీ ఉంచకండి.

బాల్కనీలో దండెం మీద బట్టలు ఆ పూటకు తీసేయండి. పావురాల రెట్ట ఉంటే గీకి కడిగించి, వల లేకపోతే కట్టించండి. హైదరాబాద్‌లో ఈ పావురాల గొడవ తెలియని ఇల్లాలు లేదు. వల చూడగానే ఒక సమస్య తీరిందని వాళ్లకే అర్థమవుతుంది. బల్బులన్నీ ఒకే రంగువి పెట్టండి. హాల్లో పసుపు, వంటింట్లో నీలం తెలుపు, కారిడార్‌లో మినుకుమినుకు ట్యూబ్‌లైట్ ఉంటే ఇల్లు నీరసంగా కనబడుతుంది. ఫ్యాన్ రెక్కల దుమ్ము తుడవండి, ఎందుకంటే ఎత్తు చూద్దామని అందరూ తల పైకెత్తుతారు.

ఇప్పుడు సమయం. మీది పడమర గుమ్మం. బాల్కనీ ఏ వైపో రాయలేదు గానీ, ఇలాంటి ఫ్లాట్లలో సాధారణంగా గుమ్మానికి ఎదురు దిక్కున, అంటే తూర్పున ఉంటుంది. అదే నిజమైతే మీ హాల్లో ఎండ పడేది ఉదయం. సాయంత్రం ఐదింటికి మీ ఇంట్లో లైట్లు వేసుకోవాల్సిందే. అంటే మీ ఫ్లాట్‌లో ఉన్న మంచి గుణాన్ని దాచి పెట్టి, చీకటిగా ఉన్నప్పుడు చూపిస్తున్నారు. దానికి తోడు ఆదివారం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. చూడటానికి కూడా రాహుకాలమేమిటి అని మీకు అనిపించవచ్చు. వచ్చిన కుటుంబంలో పట్టింపు ఉన్న పెద్దావిడ ఒక్కరుంటే చాలు, ఇంటికెళ్లాక ‘వెళ్లిన వేళే మంచిది కాదు’ అనేస్తారు. నేను ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండు లోపు మాత్రమే చూపిస్తాను. ముగ్గురు వస్తామంటే అరగంట తేడాతో పిలుస్తాను. ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కుతుంటారు. మనం ఏమీ చెప్పకుండానే వాళ్లకు విషయం తెలుస్తుంది.

నెలల సంగతి కూడా చూసుకోండి. ఆషాఢంలో, మూఢంలో చూడటానికి వస్తారు గానీ చాలామంది అడ్వాన్స్ ఇవ్వరు. అప్పుడు ఫోన్ రాలేదని టెన్షన్ పడి రేటు తగ్గించకండి. ఆ రోజుల్ని చెమ్మ పనికి, సర్దడానికి వాడుకుని, శ్రావణంలో గట్టిగా చూపించండి.

వాస్తు గురించి వాదన పెట్టుకోకండి. పడమర వద్దనేవాళ్లు ఫోన్‌లోనే తేలిపోవాలి, అందుకే ప్రకటనలో మొదటి వరుసలోనే ‘వెస్ట్ ఫేసింగ్’ అని రాయండి. వచ్చాక తెలిసి వెనక్కి వెళ్లేవాళ్లతో మీ ఆదివారాలు వృథా. పడమర గుమ్మం అచ్చొచ్చే కుటుంబాలు బోలెడున్నాయి, వాళ్లు వెతుక్కుంటూ వస్తారు. మీరు చేయగలిగింది గుమ్మం ముందు చెప్పుల స్టాండ్ పక్కకు జరపడం, గడపకు పసుపు కుంకుమ, ఆగిపోయిన గోడ గడియారానికి బ్యాటరీ. వంటగది గోడ జరపడం, తలుపు మార్చడం లాంటివి ఎవరు సలహా ఇచ్చినా వద్దు. వచ్చే సిద్ధాంతిగారు ఇంకోటి చెబుతారు.

ఇంట్లో మనుషులు. ‘ఎందుకు అమ్ముతున్నారు?’ అని ప్రతి ఒక్కరూ అడుగుతారు, అదీ మిమ్మల్ని కాదు, మీ అమ్మగారిని వంటింట్లో విడిగా అడుగుతారు. మీరు పిల్లాడి స్కూల్ దూరమని, నాన్నగారు లోన్ కట్టలేకపోతున్నామని, అమ్మగారు పైవాళ్లతో పడట్లేదని చెబితే మూడూ నిజమే అయినా బేరం చెడిపోతుంది. ముందే కూర్చుని మాట్లాడుకోండి. అబద్ధం చెప్పమని కాదు. అసలు కారణం ఒక్క వాక్యంలో, అందరి నోటా ఒకేలా రావాలి. మీ పిల్లాడు ఈ ఇంట్లో పుట్టాడనో, ఇక్కడికి వచ్చాకే ఉద్యోగం స్థిరపడిందనో ఉంటే అమ్మగారిని చెప్పనివ్వండి. ‘మాకు కలిసొచ్చిన ఇల్లమ్మా’ అని పెద్దావిడ మనస్ఫూర్తిగా అంటే దానికున్న బలం నా మాటలకు ఎప్పుడూ లేదు.

అందరూ కలిసి గది గదికీ వెంటపడకండి. ఒక్కరు చూపిస్తే చాలు, మిగతావాళ్లు పిల్లాడిని తీసుకుని కిందికి వెళ్లడం మంచిది. టీవీ ఆపేయండి. గదిలోకి తీసుకెళ్లి ‘ఇది బెడ్‌రూమ్’ అని చెప్పనక్కర్లేదు, వాళ్లను కాసేపు మాట్లాడుకోనివ్వండి. అలాగని పూర్తిగా వదిలేయకండి: నగలు, పర్సులు, ల్యాప్‌టాప్ ముందే బీరువాలో పెట్టి తాళం వేయండి. ఆడవాళ్లు ఒక్కరే ఉన్నప్పుడు కొత్తవాళ్లకు చూపించవద్దు, పక్కింటి వాళ్లనైనా పిలవండి.

‘చివరి రేటు ఎంత?’ అని గుమ్మం దగ్గరే అడుగుతారు. నాన్నగారు మొహమాటానికి ఒక లక్ష తగ్గించి చెప్పేస్తే అక్కడినుంచే కొత్త బేరం మొదలవుతుంది. ‘ముందు ఇల్లు నచ్చనివ్వండి, రెండోసారి పెద్దవాళ్లను తీసుకురండి, కూర్చుని మాట్లాడుకుందాం’ అనడం మేలు.

నీళ్ల గురించి మీరు ఎంత చెప్పినా వాళ్లు కిందికి దిగి వాచ్‌మన్‌ను అడుగుతారు. ఎండాకాలం ట్యాంకర్లు తెప్పిస్తే తెప్పిస్తున్నామనే చెప్పండి, ఇంటికి నెలకు ఎంత పడుతుందో కూడా చెప్పండి. మంజీరా (జలమండలి నీళ్ల) కనెక్షన్ ఉంటే ఆ బిల్లు చూపించండి. చూపించే రోజు పొద్దున మోటారు వేయించి పై ట్యాంకు నింపించుకోండి; కొళాయి తిప్పి చూడని కొనుగోలుదారు లేడు.

ఫైలు. నా అనుభవంలో మళ్లీ ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా ఫైలు చూసి వెళ్లినవాళ్లే. సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు యజమానుల దస్తావేజులు), తాజా ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం), మంజూరైన ప్లాన్, ఓసీ (కాపురం ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం), ఈ ఏడాది ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు, మెయింటెనెన్స్ బాకీ లేదని అసోసియేషన్ ఇచ్చే లెటర్, అన్నీ జిరాక్సులు ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఈసీ ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. లోన్ ఉంటే దాచొద్దు: ఇంకా ఎంత కట్టాలో స్టేట్‌మెంట్, ఒరిజినల్స్ తమ దగ్గర ఉన్నాయని బ్యాంకు ఇచ్చిన జాబితా చూపిస్తే లోన్ ఉండటం పెద్ద అడ్డంకి కాదు. అన్‌డివైడెడ్ షేర్ (స్థలంలో మీ వాటా) ఎన్ని గజాలు, కార్పెట్ ఏరియా (గోడల లోపలి స్థలం) ఎంత అని అడుగుతారు, వెంటనే చెప్పగలగాలి. మొదటిసారి వచ్చినవాళ్లకు అక్కడే కూర్చోబెట్టి చూపించండి, ఇంటికి ఇవ్వకండి. రెండోసారి వచ్చి లాయర్‌కు చూపిస్తామంటే ప్రతి పేజీ మీద అడ్డంగా ‘పరిశీలన కోసం మాత్రమే’ అని, తేదీ, వాళ్ల పేరు రాసి ఇవ్వండి. ఆధార్ నంబర్ కొట్టేయండి. మొత్తం సెట్టు వాట్సాప్‌లో అడిగిన ప్రతివాళ్లకూ పంపడం మంచి పద్ధతి కాదు.

అద్దెకున్నవాళ్లు ఉన్న ఫ్లాట్ అమ్మేవాళ్లు ఇది చదువుతుంటే: ఒకరోజు ముందు ఫోన్ చేయకుండా ఎవరినీ తీసుకెళ్లకండి. ఖాళీ చేయాల్సింది వాళ్లు, ఇబ్బంది వాళ్లది, లాభం మీది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకోను అని ముందే మాటివ్వండి, ఇల్లు సర్ది మరీ చూపిస్తారు. లేకపోతే ‘ఇక్కడ దోమలు, నీళ్లు రావు’ అని వాళ్లే చెప్పి పంపిస్తారు.

చివరగా, మీరు పార్కింగ్ గురించి ఒక్క మాటా రాయలేదు. కూకట్‌పల్లిలో అది చిన్న విషయం కాదు. స్లాట్ నంబర్ సేల్ డీడ్‌లో ఉందా, అసోసియేషన్ ఇచ్చిన కాగితంలో ఉందా చూసుకోండి. మీ జాగాలో పాత స్కూటర్, విరిగిన సైకిల్ ఉంటే తీసేయించండి. వీలైతే వచ్చినవాళ్ల కారు ఆ స్లాట్‌లోనే పెట్టించండి. ఏసీలు, గీజర్లు, చిమ్నీ, ఇన్వర్టర్‌లో ఏవి వదిలేస్తున్నారో, ఏవి తీసుకెళ్తున్నారో ఒక కాగితం మీద రాసి ఫైల్లో పెట్టండి. అడ్వాన్స్ తీసుకున్నాక చెడిన బేరాల్లో కొన్ని రెండు ఏసీల దగ్గరే చెడ్డాయి. ఓసీ ఉందో లేదో, బాల్కనీ ఏ దిక్కో రాస్తే ఇంకాస్త వివరంగా చెప్పగలను.